కోవెంట్రీ: నీలిదారం తెగిన నగరం

1520 అక్టోబరులో, ఇంగ్లండు నడిబొడ్డున ఉన్న కోవెంట్రీ నగరంలో మేయరు జాన్ బాండ్ రెండు లెక్కలు తీయించాడు. ఊళ్లో ఎంతమంది ఉన్నారన్నది ఒకటి. వాళ్లకు ఎంత తిండి ఉందన్నది రెండోది. ఆడా మగా, పిల్లా జెల్లా అంతా కలిపితే 6,601 మంది తేలారు. గాదెలన్నీ వెతికితే బీరు కాచేందుకు మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం 2,405 క్వార్టర్లు కనిపించింది. గోధుమలు మాత్రం 47 క్వార్టర్లే. ఈనాటి కొలతలో అవి దాదాపు పది టన్నులు. ఊళ్లోని రొట్టెల బట్టీలకు వారం తిరిగేసరికి నూరు క్వార్టర్లకు పైగా గోధుమలు కావాలి. అంటే అంత పెద్ద నగరం దగ్గర మిగిలినవి మూడు రోజుల గింజలు.

1523లో మళ్లీ లెక్కపెట్టారు. ఈసారి మనుషులు 5,699. మూడేళ్లలో తొమ్మిది వందల రెండు మంది తగ్గిపోయారు. 565 ఇళ్లు ఖాళీగా పడి ఉన్నాయి. నాలుగిళ్లకు ఒక ఇంట దీపం పెట్టే దిక్కు లేదు.

ఏ శత్రువూ కోటగోడలు బద్దలుకొట్టి లోపలికి రాలేదు. ఊరు తగలబడలేదు, వరద ముంచెత్తలేదు. లండన్‌ను పక్కన పెడితే యార్క్, బ్రిస్టల్ తర్వాత చెప్పుకోదగ్గ నగరంగా వెలిగిన కోవెంట్రీ నిలువునా నీరైపోయింది. పరిపాలన, మతం, వర్తకం మూడూ ముప్పేటగా పేనుకుని ఒకే తాడుగా బతికిన ఊరు అది. తాడు గట్టిగా ఉన్నన్నాళ్లూ అదే దాని బలం. ఒక పేట తెగినప్పుడు మిగిలిన రెండింటినీ విడదీసి కాపాడుకోలేకపోవడం దాని విషాదం.

ఆ ఊరు మఠంతో మొదలైంది. 1043లో లియోఫ్రిక్ ప్రభువు, ఆయన భార్య గొడైవా అక్కడ బెనెడిక్టైన్ సన్యాసులకు ఒక మఠం కట్టించారు. ఊరిమీద పన్నులు తగ్గించమని భర్తను బతిమాలి, ఆయన పెట్టిన షరతుకు ఒప్పుకుని, గొడైవా ఒంటిమీద నూలుపోగు లేకుండా గుర్రమెక్కి వీధుల్లో తిరిగిందన్న కథ ఆమె పోయిన నూరేళ్లకు చాలా తర్వాత గానీ పుస్తకాలకెక్కలేదు. చరిత్రకారులు దాన్ని నమ్మరు. కోవెంట్రీ మాత్రం నమ్మింది. తమ ఊరికి స్వేచ్ఛ ఒక తల్లి చలవతో వచ్చిందని తరతరాలుగా చెప్పుకుంది. ఈ నమ్మకం ఒకనాడు చర్చి తలుపు మీద పద్యమై వెలిసింది. ఆ సంగతి ముందుముందు వస్తుంది.

పన్నెండో శతాబ్దపు తొలినాళ్లలో బిషప్పు తన పీఠాన్ని ఇక్కడికి తరలించడంతో సెయింట్ మేరీ మఠపు చర్చి కేథడ్రల్ అయింది. ఊరు రెండు ముక్కలైంది. ఉత్తరపు సగం మఠాధిపతిది, దక్షిణపు సగం చెస్టర్ ఎర్ల్‌ది. వీధికి ఇటు ఒక యజమాని, అటు ఇంకో యజమాని. ఎవరి న్యాయస్థానం వాళ్లది, ఎవరి సుంకం వాళ్లది. సరుకు అమ్ముకునే హక్కు కోసం, సంత నడిపే హక్కు కోసం పట్టణస్థులకూ మఠానికీ తరాల తరబడి తగాదా నడిచింది.

ఆ కక్ష ఎంత దూరం పోయిందో చెప్పడానికి ఒక్క సంఘటన చాలు. 1323లో పట్టణస్థులు 27 మంది నాటింగ్‌హామ్ జాన్ అనే మాంత్రికుడి దగ్గరికి వెళ్లారు. మఠాధిపతినీ, అతనికి అండగా ఉన్న డెస్పెన్సర్ ప్రభువులనూ, సాక్షాత్తూ రాజు రెండో ఎడ్వర్డ్‌నూ చేతబడితో చంపమని డబ్బిచ్చారు. మాంత్రికుడు మైనంతో బొమ్మలు చేశాడు. ముందు రిచర్డ్ డి సో అనే వాడి మీద ప్రయోగించి చూశాడని, అతను మతి చెడి చచ్చిపోయాడని, మాంత్రికుడి సహాయకుడే వెళ్లి అధికారులకు చెప్పేశాడు. విచారణలో పట్టణస్థులు నిర్దోషులుగా బయటపడ్డారు. మాంత్రికుడు చెరలోనే పోయాడు. సుంకాల గొడవ ప్రాణాలు తీసే పగగా ముదిరిన ఊరది.

ఆ పగలోంచే నగర పాలన పుట్టింది. 1345లో మూడో ఎడ్వర్డ్ ఇచ్చిన శాసనంతో కోవెంట్రీకి సొంత మేయరును ఎన్నుకునే హక్కు వచ్చింది. ఎర్ల్ వాటా అప్పటికి రాజమాత ఇసబెల్లా చేతిలో ఉంది. ఆమె పట్టణస్థుల పక్షాన నిలిచింది. 1355లో ఆమె, మఠాధిపతి, నగరం ముగ్గురూ ఒప్పందానికొచ్చారు. రెండు ముక్కల ఊరు ఒకటైంది. ఆ దశాబ్దంలోనే ఊరి చుట్టూ గోడ కట్టడం మొదలుపెట్టారు. రెండు మైళ్లకు పైగా పొడవు, పన్నెండు ద్వారాలు. ఆ గోడ పూర్తి కావడానికి దాదాపు నూట ఎనభై ఏళ్లు పట్టింది. చివరి రాయి పడేనాటికి లోపలి ఊరు సగం ఖాళీ అయి ఉంటుందని మొదటి రాయి వేసినవాళ్లు ఊహించలేదు.

కోవెంట్రీని పెంచింది ఉన్ని. చుట్టుపక్కల కౌంటీల గొర్రెల ఉన్ని ఊళ్లోకి వచ్చేది. వడికేవాళ్లు, నేసేవాళ్లు, నేసిన బట్టను నీళ్లలో తొక్కి దట్టం చేసేవాళ్లు, పైనూగును పెద్ద కత్తెరలతో సమంగా కత్తిరించేవాళ్లు, రంగు వేసేవాళ్లు. ఒక్క తాను బయటికి పోవాలంటే ఇన్ని చేతులు మారాలి. అన్నిటికన్నా పేరు తెచ్చింది రంగు. వోడ్ అనే మొక్క ఆకుల్ని కుళ్లబెట్టి తీసే నీలం. మన నీలిమందు మొక్కలో ఉండే రంగు పదార్థమే ఆ ఆకులోనూ ఉంటుంది, పాలు తక్కువ. ఫ్రాన్స్ పొలాల్లో పండిన ఆ సరుకు సౌతాంప్టన్ రేవులో దిగి, బండ్ల మీద రోజుల తరబడి ప్రయాణించి ఇక్కడికి చేరేది. కోవెంట్రీ రంగరుల చేతిలో పడిన నీలం ఎన్ని ఉతుకులకైనా వెలిసిపోయేది కాదు. మాట తప్పని మనిషిని కోవెంట్రీ నీలంతో పోల్చడం ఇంగ్లండులో వాడుకైపోయింది. ఇక్కడి నీలిదారం కుట్టుపనికీ, బుటాలకూ దేశమంతా పోయేది.

డబ్బు వచ్చింది. డబ్బుతోపాటు గిల్డులు వచ్చాయి. 1340లో వర్తకులు కన్యమేరీ పేర ఒక గిల్డు పెట్టుకుని సెయింట్ మేరీ హాలు కట్టడం మొదలుపెట్టారు. తర్వాత పుట్టిన సెయింట్ జాన్, సెయింట్ కేథరీన్, ట్రినిటీ గిల్డులు శతాబ్దం తిరగకముందే ఒకటై ట్రినిటీ గిల్డు పేరుతో నిలిచాయి. గిల్డు అంటే వర్తక సంఘం మాత్రమే కాదు. సభ్యుడు చనిపోతే పాడె మోసేది, అతని ఆత్మకోసం పూజారుల చేత ప్రార్థనలు చేయించేది, బీదపడిన సభ్యుణ్ణి ఆదుకునేది, ఏడాదికోసారి అందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి విందు పెట్టేది. కోటగోడకు డబ్బు కావాలన్నా నగరం చేయి చాచింది గిల్డు ముందే. నగరసభ జరిగేదీ గిల్డు హాల్లోనే.

పాలకులు ఎవరు? వాళ్లే. ఏడాదికి రెండుసార్లు, ఈస్టర్‌కూ మైకేల్మస్‌కూ, లీట్ కోర్టు కూడేది. అంతకుముందు పదవులు చేసి దిగిన 24 మంది పెద్దలు కూర్చుని నగరానికి చట్టాలు చేసేవారు. కార్పస్ క్రిస్టీ గిల్డులో పెద్దరికం చేసినవాడు మేయరయ్యేవాడు. మేయరుగా దిగినవాడు కొన్నాళ్లకు ట్రినిటీ గిల్డుకు అధిపతి అయ్యేవాడు. వాళ్లలో ఎక్కువమంది బట్టల వర్తకులో, పట్టు సరుకుల వర్తకులో. నేతగాడి తాను ధర ఎంతో తేల్చేవాడు, ఆ నేతగాడు తప్పు చేస్తే శిక్ష వేసేవాడు, అతను పోయాక అతని పేర మాస్ ప్రార్థన చెప్పించేవాడు ఒకే గుంపు మనుషులు. కలిసొచ్చిన కాలంలో ఆ ఏర్పాటు అద్భుతంగా పనిచేసింది. 1373లో మొదలైన సెయింట్ మైకేల్ చర్చి శిఖరం వర్తకుల సొమ్ముతోనే ఆకాశంలోకి లేచింది. బొటనర్ కుటుంబపు అన్నదమ్ములు ఏడాదికి నూరు పౌండ్ల చొప్పున ఇరవై రెండేళ్లు ఖర్చు పెట్టారని ఊరు చెప్పుకునేది. దాదాపు మూడు వందల అడుగుల ఎత్తున ఆ శిఖరం ఇప్పటికీ నిలిచి ఉంది.

నగరపు నడిమధ్యాహ్నం ఎలా ఉండేదో చూడాలంటే 1457 కార్పస్ క్రిస్టీ పండుగకు వెళ్లాలి. యుద్ధమేఘాలు కమ్ముకుంటున్న రోజులు. రాజు ఆరో హెన్రీ కొలువు తరచుగా ఈ ప్రాంతంలోనే ఉండేది. 1451లో ఆయనే కోవెంట్రీకి కౌంటీ హోదా ఇచ్చాడు. పండుగకు రాణి మార్గరెట్ ఆర్భాటం లేకుండా కెనిల్‌వర్త్ కోట నుంచి వచ్చి, రిచర్డ్ వుడ్ అనే సరుకుల వర్తకుడి ఇంట దిగింది. మేయరు కానుకగా మూడు వందల తెల్లరొట్టెలు, ఒక పీపా ఎర్ర ద్రాక్షసారా, కోళ్లు, కొవ్వెక్కిన చేపలు, నారింజలు, పచ్చి అల్లపు మురబ్బా జాడీ పంపాడు. తెల్లవారాక నాటకాలు మొదలయ్యాయి. చక్రాల బండ్ల మీద కట్టిన రంగస్థలాలు వీధి వీధినా ఆగేవి. ఒక్కో వృత్తివాళ్లు బైబిల్లోని ఒక్కో ఘట్టాన్ని ఆడేవారు. కత్తెర పనివాళ్లూ దర్జీలూ కలిసి క్రీస్తు జననం, హెరోదు రాజు పసిపిల్లల్ని చంపించిన ఘట్టం ఆడేవారు. చావబోయే బిడ్డలకు తల్లులు పాడే జోలపాట అందులో ఉంది. నేతగాళ్లు బాలయేసును దేవాలయానికి తెచ్చిన ఘట్టం ఆడేవారు. ఏడాదంతా మగ్గం మీద వంగిన మనుషులు ఆ ఒక్కరోజు రాజులూ దేవదూతలూ అయ్యేవారు. రాణి అన్నీ చూసింది, ఒక్కటి తప్ప. లోకాంతపు తీర్పుదినం నాటకం చివరిది. అప్పటికి వెలుతురు పోయింది. ఆడలేకపోయారు.

సింహాసనం కోసం సాగిన యుద్ధంలో రాణి పక్షం ఓడింది. 1471లో కోవెంట్రీ ఆ పక్షాన పోరాడిన వార్విక్ ఎర్ల్ వైపు నిలిచింది. గెలిచిన నాలుగో ఎడ్వర్డ్ నగరపు రాజఖడ్గాన్నీ హక్కుల్నీ లాగేసుకున్నాడు. 500 మార్కులు చెల్లించి వాటిని విడిపించుకోవలసి వచ్చింది. ఆ దెబ్బ మానింది. మానని గాయం ఊరి లోపల ఉంది.

దాని పేరు లారెన్స్ సాండర్స్. అతను రంగరి. తండ్రి ఒకప్పుడు మేయరు. 1480లో లారెన్స్ చాంబర్లెయిన్ పదవిలోకి వచ్చాడు. ఉమ్మడి బీళ్లను కాపాడడం ఆ పదవి పని. ఆగస్టు 1న, లామాస్ పండుగనాడు, గడ్డి కోతలయ్యాక చుట్టుపక్కల మైదానాలు ఊరందరి పశువులకూ తెరవాలి. తాతల నాటి హక్కు అది. అయితే మఠాధిపతి, ఊరి పెద్దలు తమ గొర్రెల్ని లెక్కకు మించి తోలుతున్నారు. ఉమ్మడి నేలకు కంచెలు వేసుకుంటున్నారు. ఒక్క ఆవు ఉన్నవాడికి మేపే చోటు లేదు. లారెన్స్ ఎదురుతిరిగాడు. నగరపెద్దల మీద ఫిర్యాదుతో గుర్రమెక్కి లడ్లోలో ఉన్న యువరాజు సభకు వెళ్లాడు. అక్కడా పెద్దల మాటే చెల్లింది. వెనక్కి పంపి క్షమాపణ చెప్పించారు. పూచీకత్తు రాయించుకున్నారు. జైల్లో పెట్టారు. విడిచారు. మళ్లీ పెట్టారు.

పద్నాలుగేళ్లు గడిచినా అతను చల్లబడలేదు. 1494లో లామాస్ నాడు జనం మధ్య నిలబడి, ఈ పాలించే మోటుమనుషుల్లో ముగ్గురు నలుగురి తలలు తెగిపడేదాకా మనకు న్యాయం జరగదన్నాడు. ఆ మాట దారుణమే. కానీ పద్నాలుగేళ్లు ఏ తలుపు తట్టినా తెరుచుకోని మనిషి నోటి నుంచి వచ్చింది. భారీ జరిమానా వేసి మళ్లీ చెరలో పెట్టారు. మరుసటి ఏడాది లామాస్ దాటి వారం గడవకముందే సెయింట్ మైకేల్ చర్చి ఉత్తరపు తలుపు మీద ఎవరో ఒక పద్యం అతికించారు. గొడైవా తల్లి విడిపించిన ఊరు ఇప్పుడు మళ్లీ సంకెళ్లలో పడిందన్నది దాని సారం. ఉన్ని మీదా బట్ట మీదా కొత్తగా వేసిన సుంకాలను, పనిలో చేరే కుర్రవాళ్ల దగ్గర వసూలు చేసే రుసుమును పేరుపెట్టి ఎత్తిచూపింది. రాసిందెవరో తేలలేదు. 1496లో లారెన్స్ తన మొర చెప్పుకోవడానికి లండన్ వెళ్లాడు. అక్కడ అతన్ని ఫ్లీట్ జైల్లో పెట్టారు. ఆ తర్వాత కాగితాల్లో అతని జాడ లేదు.

ఈ కథంతటిలో నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. ఊళ్లో న్యాయం అడగాలంటే న్యాయస్థానం వాళ్లదే. గిల్డుకు చెప్పుకోవాలంటే గిల్డూ వాళ్లదే. దేవుడి మఠానికి పోదామంటే మఠాధిపతి గొర్రెలే బీట్లో మేస్తున్నాయి. మూడూ ఒకటైన ఊళ్లో కాదన్నవాడికి నిలబడడానికి జానెడు జాగా దొరకలేదు.

పదిహేనేళ్లు తిరిగేసరికి ఇంకో రకం మనుషులకూ జాగా లేకపోయింది. ప్రార్థన తమ భాషలో చేసుకోవాలనుకున్నవాళ్లు, బైబిల్‌ను ఇంగ్లీషులో చదువుకునేవాళ్లు కోవెంట్రీ పనివాళ్ల ఇళ్లలో రహస్యంగా కలుసుకునేవారు. 1511–12లో బిషప్ జెఫ్రీ బ్లైత్ వాళ్లను వరసపెట్టి విచారించాడు. 1520 ప్రాంతంలో ఏడుగురిని సజీవంగా కాల్చేశారు. వాళ్లలో చెప్పులు కుట్టేవాళ్లున్నారు, చేతితొడుగులు కుట్టేవాడున్నాడు. పిల్లలకు పరలోక ప్రార్థననూ పది ఆజ్ఞలనూ ఇంగ్లీషులో నేర్పారన్నది నేరం. ఏడో మనిషి స్మిత్ అనే వితంతువు. మతం కోసం ప్రాణమిచ్చినవాళ్ల కథలు రాసిన జాన్ ఫాక్స్ ఆమె కథనూ రాసిపెట్టాడు. మొదట ఆమెను వదిలేశారట. చీకట్లో ఇంటికి దిగబెట్టడానికి తోడు వచ్చిన చర్చి బంట్రోతుకు ఆమె చొక్కా చేతిలో కాగితం గలగలలాడిన చప్పుడు వినిపించింది. లాగి చూస్తే ఇంగ్లీషులో రాసుకున్న ప్రార్థన. అక్కణ్ణుంచే వెనక్కి తీసుకుపోయారు. మిగతావాళ్లతో పాటే ఆమెనూ కాల్చారు.

ఆ మంటలు చల్లారక ముందే కరువు వచ్చింది. 1518 నుంచి 1525 దాకా ఆ ఏడెనిమిదేళ్లలో కోవెంట్రీ మీద అన్నీ ఒక్కసారే విరుచుకుపడ్డాయి. వరసగా పంటలు పోయాయి. రోగాలు వచ్చాయి. ఫ్రాన్స్ యుద్ధం కోసం రాజు ఎనిమిదో హెన్రీ అప్పులనీ పన్నులనీ పిండుకున్నాడు. వర్తకం అప్పటికే జారిపోతోంది. బట్టల ఎగుమతి లండన్ వర్తకుల గుప్పిట్లోకి పోయింది. వాళ్లకు కోవెంట్రీతో పని లేదు. నేత పల్లెలకు వలసపోయింది. పల్లెలో గిల్డు రుసుములు లేవు, పండుగ ఖర్చులు లేవు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. నీలిదారం కూడా సముద్రం అవతలి నుంచి చవగ్గా దిగుతోంది. 1549 ప్రాంతంలో దేశ ఆర్థిక స్థితి మీద రాసిన ఒక సంభాషణ గ్రంథం, నీలిదారంతో బతికిన కోవెంట్రీ ఆ దారం పోయాకే చితికిపోయిందని చెప్పింది.

చివరికి ఊరి గర్వమే ఊరికి బరువైంది. కోవెంట్రీలో గౌరవంగా బతకాలంటే ఖర్చు పెట్టాలి. వృత్తిలో పెద్దమనిషి కావాలంటే విందులివ్వాలి. నాటకం బండికి, దివిటీలకు, ఊరేగింపు దుస్తులకు చందాలివ్వాలి. షెరీఫ్ అయితే ఇంకో ఖర్చు, మేయరైతే ఇంటిని సత్రంగా మార్చుకోవడమే. వందమంది పంచుకునే ఖర్చు అరవైమంది మీద పడింది. భరించలేక ఇంకొంతమంది ఊరొదిలారు. మిగిలిన నలభైమంది మీద ఇంకా పడింది. పదవికి ఎన్నికవుతామేమోనని భయపడే రోజులొచ్చాయి. ఇంకోవైపు సంపద కొద్దిమంది దగ్గర గడ్డకట్టింది. 1524లో రాజుకు కట్టిన పన్నులో నగరం వాటా మొత్తంలో తొమ్మిదో వంతు రిచర్డ్ మార్లర్ అనే ఒక్క టోకు వర్తకుడే కట్టాడు. జనంలో దాదాపు సగం మందికి పన్ను వేయదగ్గ ఆస్తే లేదు.

ఆకలి కుట్రలకూ దారి తీసింది. వసూలైన రాజు పన్ను సొమ్మును దారిలో దోచుకుని, మనుషుల్ని పోగుచేసి కెనిల్‌వర్త్ కోటను పట్టుకోవాలని కొందరు పన్నాగం పన్నారు. బయటపడింది. 1524 ఫిబ్రవరిలో నాయకుల్ని లండన్‌లో, మిగతావాళ్లను కోవెంట్రీలోనే చంపారు. మరుసటి ఏడాది లామాస్ నాడు జనం లేచి, కంచెలు పెరికి, ఉమ్మడి నేలను విడిపించి, చాంబర్లెయిన్లు తిరిగి రాకుండా నగరద్వారం మూసేశారు. లారెన్స్ సాండర్స్ జైల్లో కనుమరుగై ముప్పై ఏళ్లు కావస్తోంది. అతను ఏ పొలం కోసం పోరాడాడో అదే పొలం, అదే తేదీ. రాజు సైన్యం వచ్చి అణచివేసింది.

ఇంత జరిగినా మఠం ఉంది, గిల్డులు ఉన్నాయి, నాటకాలు ఉన్నాయి. 1534లో రాబర్ట్ క్రో అనే వ్యక్తి కత్తెర పనివాళ్ల నాటకాన్నీ నేతగాళ్ల నాటకాన్నీ శ్రద్ధగా సరిదిద్ది తిరిగి రాశాడు. ఊరు కుంగుతున్నా తమ నాటకం శుభ్రంగా ఉండాలనుకున్న ఆ పట్టుదలకు మనసు కరుగుతుంది. అయిదేళ్లు నిండకుండానే మఠానికి కాలం తీరింది. 1539 జనవరి 15న మఠాధిపతి థామస్ కామ్స్‌వెల్ మఠాన్ని రాజుకు అప్పగించాడు. ఇది నా ప్రధాన పీఠం, దీన్ని ఉంచండని బిషప్ రోలాండ్ లీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్‌కు రాశాడు. నగరపెద్దలూ వేడుకున్నారు. ఒకనాడు ఆ మఠాధిపతిని చేతబడితో చంపించబోయిన ఊరు, ఇప్పుడు ఆ గోడల్ని మిగల్చమని చేతులు జోడించింది. వినలేదు. కప్పు మీది సీసం కరిగించారు, రాళ్లు అమ్ముకున్నారు. ఆనాటి మఠాల రద్దులో ఇంగ్లండులో పూర్తిగా కూలగొట్టిన కేథడ్రల్ ఇదొక్కటే. అయిదు వందల ఏళ్ల కిందట గొడైవా దంపతులు ప్రాణం పోసిన చోటు రాళ్ల గుట్టగా మారింది.

మఠం పోయిన కొన్నేళ్లకే, లండన్ మేయరుగా పనిచేసిన సర్ విలియం హాలిస్ వదిలిపోయిన రెండు వందల పౌండ్లతో సంత మధ్య బంగారు పూతల కొత్త శిలువ స్తంభం లేచింది. మఠం భూముల్ని తిరిగి కొనుక్కోవడానికి లండన్ వర్తకుడు సర్ థామస్ వైట్ పద్నాలుగు వందల పౌండ్లిచ్చాడు. ఒకప్పుడు రాజులకు అప్పిచ్చిన ఊరు తన నేలను దాతల సొమ్ముతో కొనుక్కుంది. 1547లో ప్రార్థనల కోసం ఇచ్చిన మాన్యాల్ని రద్దుచేస్తూ చట్టం వచ్చింది. దాంతో గిల్డుల ఊపిరి ఆగింది. పోయినవాళ్ల పేర్లు చదివే గొంతు ఆగింది. ఉమ్మడి విందు ఆగింది. జనాభా నాలుగైదు వేలకు పడిపోయింది. 1579లో కార్పస్ క్రిస్టీ నాటకాల్ని కూడా చాలించారు. 1584లో వాటి స్థానంలో కొత్త నాటకం ఆడారు. అది జెరూసలేం నగర వినాశనం కథ.

క్రో చేత్తో రాసిన కత్తెర పనివాళ్ల నాటకపు ప్రతి 1879లో బర్మింగ్‌హామ్ గ్రంథాలయం తగలబడినప్పుడు బూడిదైంది. అంతకుముందే ఒక చరిత్రకారుడు నకలు తీసి అచ్చువేయించడం వల్ల తల్లుల జోలపాట దక్కింది. ప్రతి క్రిస్మస్‌కూ ప్రపంచమంతా దాన్ని కోవెంట్రీ పేరుతో పాడుతుంది.

ఆ తొమ్మిది వందల రెండు మంది ఏమయ్యారు? కొందరు చచ్చిపోయి ఉంటారు. కొందరు మగ్గం విప్పుకుని పల్లెకు పోయి ఉంటారు. కొందరు లండన్ వీధుల్లో కూలి వెతుక్కుని ఉంటారు. ఏ పుస్తకంలోనూ వాళ్ల పేర్లు లేవు. ఈ గాథలో ఏడవవలసింది కూలిన కేథడ్రల్ కోసం కాదు, వాళ్ల కోసం. శిఖరం కట్టించినవాళ్ల పేర్లు మనకు తెలుసు. ఆ శిఖరానికి సొమ్ము సమకూర్చిన నీలంలో చేతులు ముంచి, మోచేతుల దాకా రంగు వదలక బతికినవాళ్ల పేర్లు తెలియవు.

1495లో చర్చి తలుపు మీద వెలిసిన పద్యం ఈనాడు మనకు దక్కడానికి కారణం పాలకులే. నేరానికి సాక్ష్యంగా దాన్ని పీకి తెచ్చి, నగరపు లీట్ పుస్తకంలో అక్షరం పొల్లుపోకుండా ఎక్కించారు. ఆ పుస్తకాన్ని మేరీ డార్మర్ హారిస్ ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లలో పరిష్కరించి అచ్చువేయించింది. ఉన్ని మీద సుంకం, బట్ట మీద సుంకం, పనిలో చేరే కుర్రాడి మీద రుసుము ఊరిని బిగదీస్తున్నాయని ఆ పద్యం చెప్పింది. పాతికేళ్ల తర్వాత నేత పల్లెలకు తరలిపోవడానికి ఆ భారమూ కారణమైంది. కరువును ఆపడం ఏ మేయరుకూ సాధ్యం కాదు. రాజు పన్నునూ, లండన్ వర్తకుల బలాన్నీ ఆపడం కోవెంట్రీ వల్ల కాదు. కానీ తమ సుంకాల్ని తగ్గించడం, తమ కంచెల్ని తీసెయ్యడం, తమ ఊరి రంగరి మాట వినడం మాత్రం వాళ్ల చేతిలో ఉన్న పనులు. ఆ ఇరవై నలుగురూ వాటిని చెయ్యలేదు. ఆ తప్పును చరిత్ర మన్నించినా, ఖాళీ అయిన 565 ఇళ్ల తరఫున నేను మన్నించలేను.